ఉరుముకు దండ వద్దు

మా మేనత్త పోయిందని పాకాల నుంచి ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. నేను చిత్తూరులో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. కుర్చీలో కూలబడేలోపే రెండో మాట అనేశాడు. "వచ్చేటప్పుడు రెండు దండలు తీసకరామ్మే. ఒగటి అమ్మకి, ఒగటి ఉరుముకి." వస్తున్న ఏడుపు ఆగిపోయి నాకు ఒళ్లు మండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది. మాటల్లో మెత్తదనం తక్కువైతే ఏమీ అనుకోకండి.

ఉరుమంటే తెలియనివాళ్లకు చెబుతాను. మెడకు తగిలించుకునే రెండు ముఖాల వాద్యం అది. ఒకవైపు పుల్లతో కొడతారు. రెండోవైపు తోలు మీద వంకర పుల్లను అదిమి రాస్తారు. అప్పుడది మూలుగుతుంది. ఆ మూలుగు చెవికంటే ముందు కడుపులో తెలుస్తుంది. మా మామ గంగమ్మ జాతరల్లో వాయించేవాడు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు ఉరుమును దేవుడి గదిలో పెట్టారు. శుక్రవారం వచ్చిందంటే తోలుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించేవారు. జాతరకు మాత్రం బ్యాండు సెట్టును పిలిచారు. ఊరంతా ఉరుముకు మొక్కింది, ఒక్కరూ వాయించలేదు. తోలు ఎండి పగిలిపోయింది. హారతులు పట్టి మరీ చంపారు దాన్ని.

ఒక శుక్రవారం అత్త దాన్ని కిందికి దించి తడిగుడ్డతో తుడిచింది. ఆమె మరిది గుమ్మంలో నిలబడి అరిచాడు. "ఆడది ముట్టుకుంటే కండ్లు పోతాయి వదినా!"

అత్త తలెత్తకుండానే అంది: "మీ అన్న జాతర్లో తాగొచ్చి, దీన్ని నా ఒళ్లో పడేసి పండుకునేవాడు. అప్పుడు పోని కండ్లు ఇప్పుడు పోతాయా?"

పూతలపట్టు దగ్గర తోళ్లు బిగించే ఆయన దగ్గరికి ఉరుమును బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయి కొత్త తోలు వేయించుకొచ్చింది. దరువులన్నీ ఆమెకు నోటికి వచ్చు. మామ సాధన చేస్తుంటే రుబ్బురోలు దగ్గర కూర్చుని తప్పులు పట్టింది ఆమే. చేతికి రావడానికే కాలం పట్టింది.

ఆ తర్వాత ఆదివారాలు వాకిట్లో నేర్పడం మొదలుపెట్టింది. నేనూ, టైలరు పని చేసే రెడ్డెమ్మా, ఆటోలు నడిపే అన్నదమ్ములిద్దరూ వెళ్లేవాళ్లం. మొదట్లో ఎవరి చేతికీ ఉరుము ఇచ్చేది కాదు. చేట బోర్లించి దాని మీద పుల్ల రాయమనేది. "పిల్లిని తొక్కినట్టుండాది. ఇంగా అదుము" అని నన్ను ఏడిపించేది. ఉరుమును కళ్లకద్దుకోబోతే వేళ్ల మీద పుల్లతో ఒక్కటి వేసేది. "మొక్కేదానికీ రెండు సేతులు గావాల, వాయించేదానికీ రెండు సేతులు గావాల. ఏదో ఒగటి జెయ్యి" అనేది. పాఠం అయ్యాక సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరుబిండి పెట్టేది. ఆఫీసులో నోరెత్తని నేను ఆ వాకిట్లోనే గట్టిగా ఉండటం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంత కోపంగా రాస్తున్నానంటే అదీ ఆమె చలవే.

ఒకసారి తిరుపతిలో ఎవరో సభ పెట్టి ఆమెను పిలిచారు. ఉరుమును పట్టుగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి, దీపం వెలిగించి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అత్తకు శాలువా కప్పారు. వాయించడానికి టైం లేదన్నారు. ఒకాయన మైకు ముందు మన సంస్కృతి గురించి చెబుతుండగా అత్త లేచి, బల్ల మీది ఉరుమును మెడకు తగిలించుకుంది. ఇక ఆయన చెప్పింది ముందు వరుసకు కూడా వినపడలేదు. దిగి వస్తుంటే ఒక పెద్దమనిషి "పద్ధతి లేదమ్మా మీకు" అన్నాడు. "పిలిచి వాయించొద్దనేది యాడి పద్దతి నాయనా?" అంది అత్త. ఆ శాలువాను ఇంట్లో ఉరుము కింద చుట్టకుదురుగా వేసింది. దాన్ని చూసినప్పుడల్లా నవ్వుకునేవాళ్లం.

అలాంటి మనిషి శవం పక్కన, కుర్చీలో, ఉరుమును కూర్చోబెట్టారు. నేను ఒక్క దండే తీసుకుపోయాను. అప్పటికే తోలు నిండా పసుపు, నడిమధ్య ఇంత కుంకుమ.

"గురువు పోతే ఉరుము మూగబోవాలంట. పెద్దోళ్లు సెప్పినారు" అన్నాడు బావ.

"ఏ పెద్దోళ్లు?" అని అరిచాను. అత్త మరిది తల తిప్పుకున్నాడు. "బతుకంతా దేనికోసం కొట్లాడిందో నీకు తెలీదా బావా? ఆమె కడుపున పుట్టినావు గదా!"

చావింట్లో గొడవెందుకని వెనక ఎవరో గొణిగారు. ఇంకెక్కడ పడాలి ఈ గొడవ? రెడ్డెమ్మ ముందుకొచ్చి ఉరుమును మెడకు తగిలించుకుంది. మొదటి దెబ్బకే కుంకుమ లేచి ఆమె రవికె మీద పడింది. వాకిట్లో బ్యాండు వాళ్లు తమ డప్పులు దించేశారు.

పాడె వెనక రైల్వే గేటు దాకా మార్చి మార్చి వాయించాం. ఆడవాళ్లు అక్కడితో ఆగిపోవాలన్నారు. మగవాళ్లు పాడెతో పట్టాలు దాటారు. గేటు పడింది. గూడ్సు బండి పోయేసరికి అవతల ఎవరూ కనబడలేదు. మేం కదల్లేదు. ఆమెకు వినపడాలంటే ఇంకా గట్టిగా వాయించాలి, అంతే.

అంతా అయ్యాక బావ తలస్నానం చేసి తడిబట్టలతో గేటు దగ్గరికి తిరిగొచ్చాడు. ఉరుమును దేవుడి గదికి తీసుకుపోదామని రెడ్డెమ్మ ముందు చేతులు చాచాడు. రెడ్డెమ్మ వాయించడం ఆపలేదు. తోలు మూలుగుతూనే ఉంది. బావ అలాగే, బట్టల్లోంచి నీళ్లు కారుతుంటే, చేతులు చాచి నిలబడ్డాడు.