తమ్ముడు బిగించిన బ్రేకు

సహోదరులారా, ఈ పత్రికలో సాక్ష్యం రాసేవాళ్లు జబ్బు నయమైందనో తాగుడు మానేశామనో సంతోషంగా రాస్తారు, నేనూ తాగుడు మానినవాణ్నే గాని నా సాక్ష్యం అంత సంతోషంగా ఉండదు, ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆరేళ్లపాటు నేనొక అబద్ధం చెప్పుకుంటూ బతికాను, దాని బరువు మోసింది మాత్రం నేను కాదు, నా తమ్ముడు!

మాది హుకుంపేట మండలంలో కొండవాలున ఉన్న చిన్న ఊరు. కాఫీ, మిరియాలు, కాస్త చోళ్లు, అంటే రాగులు, పండించుకుంటాం. తమ్ముడు సోమన్న నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. ఊళ్లో ఏది పాడైనా, కాఫీ పండ్ల తొక్క తీసే మిషనైనా, టార్చిలైటైనా, చర్చి మైకైనా, అందరూ వాడి గుమ్మం ముందుకే తెచ్చేవారు, వాడు ఏదో ఒక తీగముక్కతో బాగుచేసి ఇచ్చేవాడు. నాకు గోడకు మేకు కొట్టడం కూడా సరిగ్గా రాదు. ఊరంతా వాణ్నే పిలుస్తుంటే నాకు లోపల మండేది, ఆ మాట ఇప్పుడు సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

మా ఇద్దరికీ కలిపి పెట్రోలులో ఆయిలు కలిపి పోసే పాతకాలం మోటారుసైకిలు ఒకటి ఉండేది. ప్రమాదం జరిగిన రోజు పొద్దున వెనక బ్రేకు వదులుగా ఉందంటే సోమన్నే బ్రేకు రాడ్డుకు పిన్ను పెట్టి బిగించాడు. సంత నుంచి తిరిగి వస్తూ నేను జీలుగు కల్లు బాగా పట్టించి హ్యాండిలు పట్టుకున్నాను, వాడు వెనక ఉప్పు బస్తాతో కూర్చున్నాడు. మా కొండల్లో దిగుడు రాగానే ఇంజిను ఆపేసి న్యూట్రల్‌లో జారుకుంటూ రావడం అందరికీ అలవాటే, కిందికి దిగడానికి కూడా పెట్రోలెందుకు అంటాం. నేనూ ఆపేశాను. ఇంజిను పట్టు లేకపోవడంతో బరువంతా బ్రేకు మీదే పడింది, ఆ పొడవాటి దిగుడంతా కాలు బ్రేకు మీదే ఉంచి వచ్చాను, సగం దూరంలో కాలిన వాసన వచ్చింది, అయినా ఆపలేదు! మలుపులో బ్రేకు పట్టలేదు. నాకు మోచెయ్యి గీరుకుంది. సోమన్నకు కుడికాలు నలిగింది, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

వాడికి తెలివి రాకముందే, ఎలా జరిగిందని అమ్మ అడిగితే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "పొద్దున ఆడెట్టిన పిన్ను ఊడిపోనాదమ్మా, రాడ్డు ఏలాడతంటే నా కళ్లతో సూసినాను." నేనేమీ చూడలేదు సహోదరులారా! చూసే స్థితిలోనే లేను.

తమ్ముడు ఆ మాట నమ్మాడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పెట్టుడు కాలుతో ఊళ్లోకి వచ్చాక ఎవరో పాడైన మిషను తెస్తే, "నా సేతులు మంచియి కావు, వొద్దు," అని తిప్పి పంపాడు. తన స్పానర్లన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పడేశాడు. బండిని మా అమ్మ టార్పాలిను కప్పి చూరు కిందికి తోయించింది, రక్తం చూసిన బండి అని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంతకంటే పాపం ఇంకొకటి చేశాను. మందిరంలో నిలబడి అందరూ వినేలా ప్రార్థించాను, "ప్రభువా, నా తమ్ముడు తెలియక చేసిన పొరపాటును క్షమించు, వాడి చేతులను మన్నించు!" సంఘమంతా ఆమేన్ అంది. నా పక్కనే తలవంచుకుని సోమన్న కూడా ఆమేన్ అన్నాడు. ఆ ఆమేన్ వినలేక ఇంకా తాగాను, పొద్దునా సాయంత్రమూ తాగాను, చేతులు వణికేవి, అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు, నా భార్య పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

అప్పుడు పాస్టరుగారు వచ్చి నాతోపాటు మోకరించి, లేచాక ఒక్కటే చెప్పారు, సాయంత్రం కల్లుకు వెళ్లే ఆ గంటలో చేతులకు ఏదైనా పని పెట్టమన్నారు. నాకేం పని వచ్చు? చుట్టూ చూస్తే చూరు కింద ఆ బండే కనిపించింది. పాతదాన్ని కొత్తగా చేసుకుని, ట్యాంకుకు ఎర్రరంగు వేయించి, వెడల్పు హ్యాండిలు పెట్టించి తిరుగుదామనుకున్నాను. పని వచ్చిన తమ్ముడు పక్కింట్లో ఉన్నాడు, వాణ్ని అడిగే ముఖం మాత్రం నాకు లేదు.

విప్పడం తేలికే గాని ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుపెట్టుకోవాలని నాకెవరు చెప్పారు? అన్నీ ఒకే చేటలో పోశాను! స్క్రూల తలలు అరగదీశాను, కార్బొరేటరు కిరసనాయిలులో కడిగి మళ్లీ బిగిస్తే పెట్రోలంతా నేల మీదికి కారింది, కిక్కు కొడితే అది ఎదురుతన్ని నా పిక్క వాచింది. అయినా ఆ గంట గడిచేది. గంట రెండు గంటలైంది, నెలలు గడిచాయి, కల్లు మానాను, నా భార్య తిరిగి వచ్చింది. దేవునికే మహిమ! ఇక్కడితో ఆపేస్తే మంచి సాక్ష్యమే అయ్యేది.

చివరికి వెనక చక్రం మిగిలింది. అన్నాళ్లూ దాని జోలికి పోలేదు, ఎందుకో నాకే తెలుసు. ఒక సాయంత్రం చక్రం పక్కన కూర్చుని చూస్తే బ్రేకు రాడ్డు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. దుకాణపు పిన్ను దొరక్క సోమన్న ఇనుప తీగను రెండు మడతలు వేసి, కొసలు రెండు పక్కలకీ విరిచి పెట్టిన ఆ పిన్ను, ఆరేళ్ల తుప్పులో కూడా బిగుసుకుని అలాగే ఉంది! చెప్పి చెప్పి ఆ అబద్ధం నాకే నిజమైపోయింది కదా, నిజంగానే ఊడి ఉంటుందని అనుకుంటూ వచ్చాను నేను! చక్రాన్ని ఆ రాడ్డూ పిన్నుతో సహా విప్పి సంచిలో వేసుకుని హుకుంపేట మెకానిక్కు దగ్గరికి వెళ్తే, లోపలి బ్రేకు లైనర్లు నల్లగా కాలి గాజులా నున్నబడి ఉన్నాయి. ఆ పెద్దాయన ఒకసారి చూసి అన్నాడు, "ఇంజినాపేసి ఘాటీ దింపీసినావేటి బాబూ? బ్రేకు కాలిపోనాది. ఈ పిన్నెట్టినోడెవుడో గాని మంచి పనోడు."

బస్సు ఎక్కకుండా నడిచే వచ్చాను. దారిలో కాఫీ తోటలో కూలబడి చేసిన ప్రార్థన ఇది, "ప్రభువా, పిన్ను ఊడలేదు. నేను చూడలేదు. నేను తాగి ఉన్నాను, కాలిన వాసన వచ్చినా ఆపలేదు. నా తమ్ముడి చేతులు మంచివే. నాకు నోరివ్వు, లేకపోతే నన్ను తీసుకుపో."

ఆయన నన్ను తీసుకుపోలేదు, నోరిచ్చాడు. తర్వాతి ఆదివారం సంఘం ఎదుట అదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సోమన్న లేచి, పెట్టుడు కాలు నేలకు టకటకమని తగులుతుండగా బయటికి వెళ్లిపోయాడు, వానకాలమంతా నాతో మాట్లాడలేదు. ఊరివాళ్లు కూడా నా ముఖం చూడలేదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

తమ్ముడు నడపగలిగేలా నేను ఆ బండి వేషం మార్చేశాను. వెడల్పు హ్యాండిలు, ఎర్రరంగు మానేశాను. వెల్డింగు షాపులో వెనక రెండు పక్కలా చిన్న చక్రాలు పెట్టించాను, కాలి బ్రేకు తీయించి చేతితో నొక్కే లివరు కట్టించాను. అన్నీ బిగించి బ్రేకు మాత్రం వదిలేశాను. ఆ భాగాలన్నీ గుడ్డలో మూటకట్టి, బండిని తోసుకెళ్లి తమ్ముడి గుమ్మం ముందు నిలబెట్టి, "బ్రేకు నేను బిగించనురా, నీ సెయ్యే పడాల," అని చెప్పి వచ్చేశాను. మూడు వారాలు అది వానలో అక్కడే తడిసింది. నేను రోజూ ఒకే ప్రార్థన చేశాను, "ప్రభువా, నన్ను క్షమించమని వాడికి చెప్పొద్దు, వాడి చేతులు వాడికి తిరిగి ఇవ్వు."

ఒక ఉదయం తోటకు వెళ్తూ చూస్తే సోమన్న నేల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన గోనెసంచి విప్పి ఉంది, చేతులనిండా గ్రీజు. నేను ఆగాను. వాడు తలెత్తలేదు. "లివరు ఇటెట్టించినావేటన్నా, తీగ వొంకరెల్తంది. నీకేటీ రాదు," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు తలెత్తి చూసి అన్నాడు, "నిన్ను మన్నించీనాననుకోకు. నా సేతులు మంచియేనని తెలిసింది, అంతే."

అంతే సహోదరులారా, నేను అడిగిందీ అంతే! దేవునికే మహిమ! ఇప్పుడు వాడి గుమ్మం ముందు మళ్లీ మిషన్లు వరుసకట్టాయి, సంతకు ఆ బండి మీదే వెళ్తాడు, నేను నడిచి వెళ్తాను, దాటిపోతూ ఒకసారి హారను కొడతాడు గాని ఎక్కమని ఇంకా అనలేదు. మీరు చెప్పిన అబద్ధాన్ని మీ ఇంట్లో ఎవరైనా మోస్తూ ఉంటే ప్రభువును నమ్ముకుని ఈ ఆదివారమే నోరు తెరవండి. ఆయన మిమ్మల్ని సిగ్గుపడనివ్వడని నేను చెప్పను, నేను చాలా సిగ్గుపడ్డాను. కాని ఆ సిగ్గులో నన్ను ఒంటరిగా మాత్రం వదిలేయలేదు.