పెన్సిల్‌తో ఇంటూ పెట్టిన చోట

ఈ కథలో తెలివితక్కువవాడిని నేనే. ఆ సంగతి మొదటే ఒప్పుకుంటే మిగతాది తేలిగ్గా చెప్పుకోవచ్చు. ఇరవయ్యారేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో నర్సుగా చేస్తున్నాను. రోగులు అలవాటుకొద్దీ "సిస్టర్ గారూ" అని పిలిచి, నా మీసం చూసి నాలుక కరుచుకుని "బ్రదర్" అని దిద్దుకుంటారు. ఆసుపత్రిలో పనిచేసేవాడికి ఓపిక ఉండాలంటారు. నాకు అది అవసరానికి మించి ఉండేది. దానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు అనుభవం.

ఆ అనుభవంతోనే పెన్సిల్ ఇంటూ మార్కు కనిపెట్టాను. మధ్యాహ్నాలు మా సర్జన్ గారు గన్నవరంలో తన సొంత క్లినిక్‌లో ఉంటారు. రోగికి ఏదైనా అవసరమైతే ఫోన్ చేస్తాం. ఆయన చెప్పింది కేస్ షీట్‌లో రాసుకుని ఆ ప్రకారం చేస్తాం. రాసిన దానికింద ఆయన సంతకం పెట్టాలి. పొద్దున రౌండ్స్‌కి వచ్చినప్పుడు పెట్టమంటే ఆయనకు చిరాకు. "నన్నేమన్నా రిజిస్ట్రార్ ఆఫీసులో గుమస్తా అనుకున్నారా?" అనేవారు. అందుకని సంతకం కావాల్సిన ప్రతిచోటా పెన్సిల్‌తో చిన్న ఇంటూ పెట్టి ఉంచేవాడిని. రోగి డిశ్చార్జి అయ్యే రోజున ఆయన నిలబడే, పేజీలు తిప్పుకుంటూ, ఇంటూ ఉన్నచోటల్లా గబగబా గీసేసి వెళ్లేవారు. చదివేవారు కాదు. "మీ బ్రదర్ ఉంటే నాకు సగం పని తప్పుతుంది" అని ఒకసారి అందరి ముందూ అన్నారు. నాకు ఆ పూటకి నడుం నొప్పి తగ్గింది.

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ అదే నేర్పాను. నాకు సలహాలు ఇవ్వడం ఇష్టం. చెప్పులు ఒక సైజు పెద్దవి కొనుక్కో, సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. రోగి బంధువు అరుస్తుంటే అతని చేతిలో ఏదో ఒక కాగితం పెట్టు, అది చదవడానికైనా నోరు మూస్తాడు. డ్యూటీ అప్పగించేటప్పుడు కౌంటర్ దగ్గర కాదు, మంచం దగ్గర నిలబడి అప్పగించు. ఇవన్నీ మంచి సలహాలే. వీటి మధ్యన ఆ ఇంటూ మార్కు సలహా కూడా, కందిపప్పులో రాయిలా, కలిసిపోయి వెళ్లింది.

అవనిగడ్డ అవతల ఒక ఊరినుంచి వచ్చిన నర్సు అమ్మాయి దాన్ని నాకన్నా శ్రద్ధగా పాటించింది. వాళ్లమ్మ నాట్లకి వెళ్లి చదివించిందట. హాస్టల్లో ఉంటూ, ఆదివారం పొద్దున డ్యూటీ పడితే "చర్చి పోయింది బ్రదర్" అని మూతి ముడుచుకునేది తప్ప ఇంకే ఫిర్యాదూ చేసేది కాదు. రెండేళ్లు నిండితే ఆసుపత్రి అనుభవ పత్రం ఇస్తుంది. అది ఉంటే ఇంటికి దగ్గర్లోని ఆసుపత్రిలో ఉద్యోగం దొరుకుతుంది. ఇంకో మూడు నెలలే ఉంది.

అప్పుడు వచ్చాడు ఇబ్రహీంపట్నం నుంచి ఒక పెద్దాయన. థర్మల్ స్టేషన్‌లో చేసి రిటైరయ్యాడు. గాల్ బ్లాడర్‌లో రాళ్లు. షుగరు అదుపులోకి వచ్చాక ఆపరేషన్ చేద్దామని ముందే చేర్చారు. ఆయన గుండె కోసం రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటున్నాడు. ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందు దాన్ని ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. ఆ అమ్మాయి మధ్యాహ్నం ఫోన్ చేసింది. నేను పక్కనే సెలైన్ సీసా మారుస్తున్నాను. స్పీకర్‌లో కారు హారన్లు, వాటి మధ్య సర్జన్ గారి గొంతు.

"గుండె మాత్ర ఆపడమేంటమ్మా? వేసుకోనివ్వండి."

"సార్, అది రక్తం పలచబరిచే..."

"చెప్పాను కదా! ఉంచండి."

ఆమె రాసింది. తేదీ వేసింది, సమయం వేసింది. కింద పెన్సిల్‌తో ఇంటూ పెట్టింది. మర్నాడు రౌండ్స్‌లో షీట్ పట్టుకుని ఆయన వెనక నాలుగు మంచాలు నడిచింది. ఐదో మంచం దగ్గర నేనే కనుసైగ చేశాను, వదిలెయ్యమని. డిశ్చార్జి రోజు ఎటూ పెడతారు కదా.

ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టరు గారు షీట్ చూసి, "ఈ మాత్ర నిన్నటిదాకా వేశారా? నేను మత్తు ఇవ్వను" అని వెళ్లిపోయారు. ఆపరేషన్ వారం వాయిదా. పెద్దాయనకి ఏమీ కాలేదు, పైగా ఉపవాసం తప్పి ఇడ్లీ దొరికినందుకు సంతోషించాడు. కానీ ఆయన కొడుకులిద్దరూ వార్డు లేచిపోయేలా అరిచారు. అంతమంది ముందు, సర్జన్ గారు షీట్ తిరగేసి ఆ అమ్మాయి వైపు చూశారు.

"నేను వేయమని చెప్పానా? నా సంతకం ఏదమ్మా?"

సంతకం లేదు. పెన్సిల్ ఇంటూ మాత్రం ఉంది, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా బిక్కమొహం వేసుకుని.

సాయంత్రానికి ఆమెకి మెమో వచ్చింది. డాక్టరు ఆదేశం లేకుండా మందు కొనసాగించినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీయకూడదో రాసివ్వమని. తీసేస్తే అనుభవ పత్రం రాదు, వేరే ఆసుపత్రి కారణం అడుగుతుంది. ఆమె లినెన్ గదిలో దుప్పట్ల మధ్య కూర్చుని ఉంది. ఏడవడం లేదు. దిండు గలీబులు మడతపెడుతోంది, మడతపెట్టినవి మళ్లీ విప్పి మడతపెడుతోంది.

"మీరు విన్నారు కదా బ్రదర్."

"విన్నానమ్మా."

"మరి అప్పుడెందుకు మాట్లాడలేదు?"

దీనికి జవాబు నాకు తెలుసు, చెప్పుకోడానికి బాగోదు. ఆ నెలాఖరుకి నన్ను నర్సింగ్ సూపర్‌వైజర్ చేస్తామన్నారు. పగటి డ్యూటీ మాత్రమే. ఒక కుర్చీ. ఇరవయ్యారేళ్లుగా ఈ కాళ్లు ఆ కుర్చీ కోసం ఎదురుచూశాయి. దానికి సిఫార్సు రాయాల్సింది సర్జన్ గారే.

భవానీపురం వెళ్లే బస్సులో నిలబడి ఇంటికి పోయాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. అన్నం పెడుతూ మా ఆవిడ సంగతి విని, "ఆ గీతలు నేర్పింది మీరే కదండీ?" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. మజ్జిగ పోసింది.

మర్నాడు నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ గారి గదికి వెళ్లి కాగితం ఇచ్చాను. ఫోన్‌లో చెప్పింది నేను విన్నానని, సంతకం వెంటనే తీసుకోవద్దని నేర్పింది నేనేనని, ఇంటూలు పెట్టడం మొదలుపెట్టింది కూడా నేనేనని రాశాను. మేడమ్ గారు నాకన్నా రెండేళ్లు సీనియర్. చదివి కళ్లజోడు తీశారు.

"దీంతో మీ కుర్చీ పోతుంది, తెలుసా?"

"కూర్చుంటే నడుం పట్టేస్తుందిలెండి మేడమ్."

"వేళాకోళాలకేం తక్కువ లేదు. పాత షీట్లలో ఇంకెన్ని ఇంటూలున్నాయి?"

"లెక్కలేదు మేడమ్. ఏళ్ల తరబడి పండించాం."

రికార్డుల గదిలోంచి ఆవిడ తీయించిన షీట్లలో, నెలనెలా అవే ఇంటూలు, వాటి మీద అవే గబగబా సంతకాలు కనిపించాయి. ఫోన్‌లో చెప్పడం, తరవాత సంతకం పెట్టడం ఆయన అలవాటేనని తేలింది. అమ్మాయికి హెచ్చరికతో సరిపెట్టారు. ఉద్యోగం మిగిలింది. సర్జన్ గారిని ఎవరూ ఏమీ అనలేదు. నాకు కుర్చీ రాలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లకి నేను చెప్పేది వేరు. ఫోన్‌లో చెప్పింది తిరిగి చదివి వినిపించండి, ఇంకో నర్సుని పక్కన నిలబెట్టుకోండి, ఇద్దరూ సంతకం చేయండి, డాక్టరు మర్నాడు పొద్దున వార్డు దాటేలోపు సంతకం తీసుకోండి. చిరాకు పడతారు. చిరాకు ఐదు నిమిషాల్లో పోతుంది. మెచ్చుకోలు కూడా అంతే, ఐదు నిమిషాలే ఉంటుంది, ఇది తెలుసుకోడానికి నాకు ఇరవయ్యారేళ్లు పట్టింది. పెన్సిళ్లు మా మనవరాలికి ఇచ్చేశాను.

రెండు నెలల తరవాత సర్జన్ గారే మా వార్డులో రోగిగా చేరారు. హెర్నియా. మర్నాడు పొద్దున ఆపరేషన్, కాబట్టి అర్ధరాత్రి నుంచి నోట్లో ఏమీ పడకూడదు. పొద్దున్నే గదిలోకి వెళ్లేసరికి ఆయన భార్య ఫ్లాస్కుతో కూర్చుని ఉన్నారు. ఫిల్టర్ కాఫీ వాసన కారిడార్ దాకా వస్తోంది.

"బ్రదర్, మత్తు డాక్టర్ గారితో ఇప్పుడే ఫోన్లో మాట్లాడాను. ఒక్క అర కప్పు పరవాలేదన్నారు."

నా వెనక ఆ అమ్మాయి బీపీ మిషన్ పట్టుకుని నిలబడి ఉంది.

"అలాగే సార్. ఆయన్ని వచ్చి షీట్‌లో రాసి సంతకం పెట్టమనండి."

"ఫోన్లో చెప్పారంటున్నాను కదయ్యా!"

"విన్నాను సార్. సంతకం ఏది సార్?"

ఆయన నా మొహంలోకి చూశారు, ఆ అమ్మాయి మొహంలోకి చూశారు, తరవాత కిటికీ వైపు తిరిగిపోయారు. ఇంతలో మత్తు డాక్టరు గారే లోపలికి వచ్చారు.

"కాఫీనా? నేనెప్పుడు చెప్పాను?"

ఆయన భార్య ఫ్లాస్కు నా చేతికిచ్చి, "ఇక్కడుంటే ఈయన ఊరుకోరు, మీరు తీసుకుపోండి బాబూ" అన్నారు.

నర్సింగ్ స్టేషన్‌కి వచ్చాక అమ్మాయి షీట్ తెరిచి పెన్నుతో రాసింది: కాఫీ, ఫోన్ ఆదేశమన్నారు, డాక్టరు సంతకం లేదు, ఇవ్వలేదు. సమయం వేసింది. కింద ఆమె సంతకం, పక్కన నాది. అప్పుడు ఫ్లాస్కు మూత తిప్పి రెండు కప్పుల్లో పోశాను.

"పంచదార కాస్త ఎక్కువైంది బ్రదర్" అంది, రెండో గుక్క తాగాక.

కౌంటర్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, నా కప్పు పూర్తిగా, నిదానంగా తాగాను.