ఏస్తేరు టీచరు అడగమన్న నాలుగు ప్రశ్నలు

నిన్న పొద్దున్న ఫోను చెవికి ఆనించుకుని పదకొండు నిమిషాల పాటు ఒకటే వేణువు ముక్క విన్నాను. వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే ఒక కంపెనీవాళ్ళు మనిషి దొరికేదాకా వినిపించే పాట అది. పలాసలోని నా చిన్న ఆఫీసులో ఎదురుగా ఒక జీడిపప్పు వ్యాపారి కూర్చుని ఉన్నారు. తన సరుకు కోసం మొదటిసారి వెబ్‌సైటు పెట్టించుకుంటున్నారాయన. "ఇంకా కొననే నేదు గదమ్మా, అప్పుడే ఆలకి ఫోనెందుకు?" అన్నారు. కొనకముందే చెయ్యాలండీ అన్నాను. అంటుంటే ఆ మాట నా గొంతులోంచి వచ్చినట్టు లేదు, టెక్కలిలో మేడమీద గదిలో కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చునే ఏస్తేరు టీచరు గొంతులోంచి వచ్చినట్టుంది.

ఆవిడ టెక్కలిలో చాలాకాలం టైపు నేర్పారు. టైపు మిషన్ల కాలం పోయాక తొమ్మిది కంప్యూటర్లు తెచ్చి పెట్టి, వాటికి పాత చీరలతో ముసుగులు కుట్టారు. మాది సుమ్మాదేవి. అక్కడ పాసింజరు ఎక్కి పలాసలో దిగి, బస్సు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. డిగ్రీ అయిపోయి ఏ ఉద్యోగమూ లేని రోజులు. నేర్చుకోవలసింది అయిపోయినా నేను మానలేదు, ఆవిడా పొమ్మనలేదు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పుతూ ఉండిపోయాను. ఆవిడ ఎవరినీ గట్టిగా తిట్టగా చూడలేదు. మనం చేసిన పని కేసి కాసేపు చూసి, "ఇది నీకు నచ్చిందేటే?" అని అడిగేవారు. ఆ ప్రశ్న కంటే తిట్లే నయం.

మా ఉద్దానం వైపు ఇంటికొకరన్నట్టుగా కిడ్నీ జబ్బు మనుషులు ఉంటారు. వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్ళాలి. తవిటయ్య అనే ఆయన తన వ్యానులో తీరం ఊళ్ళ నుంచి వాళ్ళని తీసుకెళ్ళేవాడు. ఏ రోజు ఏ వేళకి వ్యాను ఏ ఊరొస్తుంది, ఎన్ని సీట్లు ఖాళీ, ఇదంతా ఒక వాట్సప్ గ్రూపులో పెట్టేవాడు. శుభోదయం పువ్వుల కింద, దేవుళ్ళ బొమ్మల కింద ఆ కబురు కూరుకుపోయేది. ఒకరోజు ఆయన వచ్చి టీచరు ముందు తల పట్టుకున్నాడు. "ఒక్క పేజీ సాలు టీచరమ్మా. తెరిత్తే వ్యాను వేళ కనబడాల. అంతే." టీచరు నా వైపు చూశారు. నా మొదటి వెబ్‌సైటు అలా మొదలైంది.

పేజీ తయారుచెయ్యడం నాకు కష్టం కాలేదు. రోగుల పేర్లు పెట్టొద్దని టీచరు ముందే చెప్పారు, ఊరి పేరూ వేళా మాత్రమే పెట్టాను. ఇక దాన్ని ఎక్కడుంచాలన్నదే మిగిలింది. సైటు అనేది రాత్రీ పగలూ ఆగకుండా నడిచే ఏదో దూరపు కంప్యూటరులో ఉండాలి. ఆ చోటు అద్దెకిచ్చే కంపెనీలు బోలెడు. "నాలుగు కంపెనీల్ని కనుక్కో, తొందరపడకు" అన్నారు టీచరు. నేను తొందరపడ్డాను. మా అన్నయ్య స్నేహితుడికి పలాసలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. తనకి ఎక్కడో చోటుందనీ, అందులో ఊరికే పెట్టుకోమనీ అన్నాడు. సైటు పేరు కూడా అతనే తన ఈమెయిలు మీద తీసుకున్నాడు. కనుక్కునే చేశానని టీచరుతో చెప్పాను.

నాలుగు నెలలు బాగానే నడిచింది. అందరూ సైటే చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇక ఇంటింటికీ ఫోను చెయ్యక్కర్లేదని తవిటయ్యకి నేనే చెప్పాను. వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం దారి మీద నీళ్ళు చేరాయని, మర్నాడు వ్యాను గంట ముందు బయల్దేరుతుందని సైటులో మార్చాం. ఆ రాత్రే ఆ స్నేహితుడి చోటు అద్దె గడువు తీరిపోయింది. గుర్తుచేస్తూ వచ్చిన ఈమెయిళ్ళన్నీ ఆ స్నేహితుడికే వెళ్ళాయి. అతను అప్పటికే దుకాణం ఎత్తేసి పనిమీద వేరే రాష్ట్రం వెళ్ళిపోయాడు. తెల్లారి తెరిచినవాళ్ళకి తెల్ల పేజీ కనబడింది. నారాయణమ్మ అనే పెద్దావిడ పాత వేళకి రోడ్డు మీదకొచ్చి వానలో రెండు గంటలు నిలబడింది. చివరికి కొబ్బరికాయల లారీ ఎక్కి పలాస చేరేసరికి ఆవిడ వంతు దాటిపోయింది. సాయంత్రం ఎవరో రాకపోతే ఆ చోటు ఆవిడకి దొరికింది. దొరకకపోయుంటే అన్న ఆలోచన ఈ రోజుకీ నన్ను వదల్లేదు.

టీచరుకి అంతా చెప్పి ఏడ్చాను. ఆవిడ చెప్పులు తొడుక్కుని, "పద" అన్నారు. తవిటయ్య వ్యానులోనే వెళ్ళాం. కొబ్బరితోటల మధ్య ఇసక దారి, చివర నారాయణమ్మ ఇల్లు. నీరసంగా అరుగు మీద కూర్చుని ఉంది. టీచరు నా భుజం మీద చెయ్యివేసి ముందుకు నెట్టి తాను వెనక్కి జరిగారు. తప్పు నాదేనని, కనుక్కోకుండా చేశానని చెప్పాను. నారాయణమ్మ కోడలిని పిలిచి మాకు కొబ్బరిబొండాలు కొట్టించింది. తాను మాత్రం చిన్న స్టీలు గ్లాసులో కొలిచి పోసిన నీళ్ళతో పెదాలు తడుపుకుంది. ఆ జబ్బుకి బొండాం పనికిరాదు, మంచినీళ్ళయినా లెక్కే.

"నాను నిలబడ్డానికేటి గాని, ఒలే పిల్లా, మల్లీ అది పడిపోతే పడిపోయిందని నాకెవులు సెప్తారు?" అంది.

 ఆవిడ టీచరు వైపు తిరిగి, "మీ ఆయన్ని బస్సుల మీదే తిప్పీవోరు గదమ్మా, నాకు గేపకమే" అంది. టీచరు బొండాం కింద పెట్టి, "అప్పుడు ఫోను కూడా లేదు నారాయణమ్మా" అన్నారు. టీచరు భర్త ఆ జబ్బుతోనే పోయారని, ఆవిణ్ణి ఎన్నేళ్ళుగానో ఎరిగిన నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు టీచరు ఒక కాగితం నా ముందు పెట్టారు. నాలుగు ప్రశ్నలు. మొదటిది నారాయణమ్మదే: సైటు పడిపోతే మాకు ఎవరు చెబుతారు? రెండు: ఫోను చేస్తే మనిషి పలుకుతాడా? మూడు: సైటు నకలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్ళకోసారి? నాలుగు: మేం వెళ్ళిపోతామంటే మాది మాకు పూర్తిగా ఇచ్చేస్తారా? "కొన్నాక ఎవులూ పలకరు. కొనకముందు అడుగు" అన్నారు.

గదిలో అందరూ వినేలా ఫోన్లు చేశాం. మొదటి కంపెనీలో మనిషే దొరకలేదు. రెండోవాడు ఎంత పెట్టుకున్నా హద్దుల్లేవన్నాడు, మా సైటు ఎన్నటికీ పడదన్నాడు. టీచరు ఫోను పెట్టించేశారు. "పడదన్నోడికి లేపడం ఏటి తెలుస్తాదే?" మూడో కంపెనీలో ఒకమ్మాయి, "అప్పుడప్పుడు పడుతుందండీ. పడితే మీరు చెప్పిన నంబర్లకి మెసేజి వస్తుంది. రోజూ నకలు తీస్తాం, అయినా మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి" అంది. నాలుగో ప్రశ్నకి మాత్రం, నాకు సరిగా తెలీదు, కనుక్కుని చెబుతానంది. నేను పెదవి విరిచాను. అరగంటలో ఆ పిల్లే తిరిగి ఫోను చేసి, ఎలా ఇస్తారో వివరంగా చెప్పింది. టీచరు నా కేసి చూసి తలూపారు. ఈసారి సైటు పేరు నా పేరు మీదే తీసుకున్నాను. గడువు తేదీ టీచరు, తవిటయ్య, నేను, ముగ్గురి ఫోన్లలోనూ ఎక్కించాం. వేళ మారిన రోజున తవిటయ్య ఫోన్లు చెయ్యడం కూడా మళ్ళీ మొదలుపెట్టాం.

అంతటితో వదల్లేదు ఆవిడ. వ్యాను తిరగని ఒక ఆదివారం, చర్చినుంచి తెల్లచీరతో నేరుగా వచ్చి, "నకలుందన్నావు గదా. సైటు చెరిపెయ్" అన్నారు. బాగా నడుస్తోంది కదా, ఎందుకన్నాను. "బాగున్నప్పుడే చెడగొట్టి సూడాల. చెడిపోయిన రోజున నేర్చుకుంటానంటే కుదరదు." చెరిపేశాను. తిరిగి లేపడానికి మూడు గంటలు పట్టింది. రెండుసార్లు చేతులెత్తేశాను. ఆవిడ పక్కనే కూర్చుని పనసతొనలు వలుస్తూ, ఒక్క సలహా ఇవ్వకుండా, ఒక్కసారి గడియారం చూడకుండా ఉన్నారు. పేజీ మళ్ళీ కనబడగానే ఒక తొన నా నోట్లో పెట్టి, "ఇప్పుడు నీకు సైటుంది" అన్నారు.

ఆ పేజీ ఇప్పటికీ నడుస్తోంది. మధ్యలో పడింది కూడా, రెండుసార్లు. రెండుసార్లూ వ్యాను కదలకముందే మాకు తెలిసింది. టీచరు కళ్ళు సన్నగిల్లాక టెక్కలి ఇన్‌స్టిట్యూటు నాకప్పగించి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. తర్వాత దాన్ని నేను పలాసకి మార్చుకున్నాను. రెండేళ్ళ క్రితం నిద్రలోనే పోయారు. సమాధి దగ్గర ఆవిడ విద్యార్థులు బారులు తీరి నిలబడ్డారు. వాళ్ళలో కండక్టర్లూ గుమస్తాలూ టీచర్లూ ఉన్నారు. ఒకరికొకరం తెలియకపోయినా, ఆవిడ మాటల్ని ఆవిడ గొంతుతోనే చెప్పుకుని నవ్వుకున్నాం.

కిందటి నెల నా పొరపాటు వల్ల ఒక విత్తనాల దుకాణం సైటులో రోజంతా పాత ధరలే కనబడ్డాయి. దుకాణంవాళ్ళు ఇంకా గమనించనే లేదు. గుట్టుగా సరిదిద్దేసి ఊరుకోవచ్చు. సరిదిద్దాను. తర్వాత టెక్కలి బస్సెక్కి, దుకాణం యజమాని బేరాలు అయ్యేదాకా బస్తాల పక్కన నిలబడి, జరిగింది చెప్పాను. ఆయన కుర్చీ లాగి, "కూకోమ్మా, మా బావమరిదికీ ఒక సైటు కావాలంట" అన్నారు.