బందరు సందుల్లో నాకంటే ముందు

నేను గుడివాడలో ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తాను. పరీక్షలో తేలనిదాన్ని రిపోర్టులో రాసే అలవాటు నాకు లేదు. ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దెయ్యం అనను. ఏమనాలో తెలియదు.

మా తమ్ముడు సతీశ్ భార్య కల్యాణి యాక్సిడెంటులో పోయింది. బండి నడిపింది వాడే. వాడికి మోచెయ్యి విరిగింది, అంతే. చెయ్యి అతుక్కుంది కానీ వాడు మాత్రం మనిషి కాలేదు. ఒంటరిగా వదిలెయ్యడానికి భయమేసి మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే మంచం ఖాళీ. వాడి ఫోను దిండు పక్కనే ఉంది.

మా ఆయన బండి మీద హంసలదీవి బయల్దేరారు. అక్కడ సముద్రం ఉంది. అంతకుమించి ఇద్దరం పైకి ఏమీ అనుకోలేదు. ఇంతలో తెలిసినాయన ఒకరు ఫోన్ చేసి, సతీశ్ బందరు బస్సెక్కడం చూశానన్నారు. నేనూ బందరు బస్సెక్కాను. దారంతా, చెవిలో ఇయర్‌ఫోన్లతో బండి నడుపుతున్న మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. మాట ఆపితే ఏడుపొచ్చేది.

బందరు నాకు కొత్త కాదు. కానీ నాకు తెలిసిన బందరు కోనేరు సెంటరు, బట్టల షాపులు, మహా అయితే మంగినపూడి బీచి. కల్యాణి చిన్నతనం ఇంగ్లీషుపాలెంలో అద్దె ఇంట్లో గడిచింది. ఎప్పుడైనా ఆ సందులన్నీ తిప్పి చూపిస్తానని వాడితో అంటూ ఉండేది. వెళ్తే అటే వెళ్ళుంటాడనిపించింది.

పాత పెంకుటిళ్ళు, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు. ఒక సందు ఇంకో సందులో కలుస్తుంది, అది మళ్ళీ మొదటికే తెస్తుంది. ఇస్త్రీ బండి దగ్గర ఒకాయనకి ఫోన్లో ఫొటో చూపించాను.

"ఇందాకే చూపించారు కదండీ. చూళ్ళేదని చెప్పాను."

"నేనా?"

"మీరేనండీ. ఇదే చీర."

పొరపాటు పడ్డాడనుకుని ముందుకెళ్ళాను. పంపు దగ్గర బిందె కడుగుతున్న ఒకావిడ, నేను నోరు తెరవకముందే, "మళ్ళీ వచ్చావేంటమ్మా? దొరకలేదా మీ తమ్ముడు?" అంది.

తమ్ముడని నేను ఆవిడకి చెప్పలేదు. ఒళ్ళు మండిపోయింది. నా గోడు వీళ్ళకి వేళాకోళంగా ఉందా అనిపించింది. మావాళ్ళు ఇంకెవరైనా వెతకడానికి వచ్చారేమోనని మా ఆయనకి ఫోన్ చేశాను. ఎవరూ రాలేదన్నారు. ముందు ఏదైనా తినమని కేకలేశారు.

ఎండ నెత్తికెక్కింది. సందు చివర బడ్డీకొట్టు ముసలమ్మ కూడా నన్ను గుర్తుపట్టింది. అప్పటికి నాకు వాదించే ఓపిక లేదు. సిగ్గు కూడా పోయింది.

"నేను ఎటు వెళ్ళానండీ?" అని అడిగాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "కోట వైపు. నేను పిలుస్తున్నా ఆగకుండా పరిగెత్తావు కదే తల్లీ," అంది.

ఆటో ఎక్కి బందరుకోట వెళ్ళాను. కూలిన ఇటుక గోడల వెనక ఉప్పుటేరు. గట్టు మీద బురదలో సతీశ్ కూర్చుని ఉన్నాడు. ఛాతీ దాకా తడిసి వణుకుతున్నాడు. వాడి మీద పడి ఎడాపెడా కొట్టాను, మళ్ళీ నేనే వాడిని పట్టుకుని ఏడ్చాను.

"ఇందాక ఏమీ అనకుండా ఇప్పుడెందుకు కొడతావక్కా?" అన్నాడు.

"ఇందాకేంట్రా?"

"నీళ్ళలోంచి లాగింది నువ్వేగా. ఇప్పుడే వస్తానని వెళ్ళావు," అంటూ నా వంక చూసి ఆగిపోయాడు. "నీ చీర అప్పుడే ఎలా ఆరింది?"

వాడిని లేపి, చెయ్యి వదలకుండా గుడివాడ తెచ్చుకున్నాను.

ఆ తర్వాత చాలాకాలం చికిత్స ఇప్పించాం. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, వేళకి తింటున్నాడు. కంగారులో నేనే ఆ సందుల్లో ఒకసారి తిరిగి మర్చిపోయానేమో అని ఎన్నోసార్లు ఆలోచించాను. కానీ మనసు ఊరుకోక, వాడు కోలుకున్నాక మళ్ళీ వెళ్ళి ఇస్త్రీ ఆయన్ని అడిగాను. నేను మొదటిసారి వచ్చింది ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేస్తున్నప్పుడేనట, పొద్దున్నే. ఆ వేళకి నేనెక్కిన బస్సు ఇంకా పెడన దాటలేదు. మా ఆయన ఫోన్లో నాతోనే ఉన్నారు.

ఈ మధ్య భోజనం చేస్తూ సతీశే ఆ రోజు మాట ఎత్తాడు.

"అక్కా, ఆ రోజు నువ్వు నన్ను 'ఏమండీ' అని పిలిచావు. 'ఇక్కడే కూర్చోండి' అన్నావు. కంగారులో అన్నావేమో అనుకున్నా."

వాడు పుట్టినప్పటి నుంచి నేను వాడిని ఒరేయ్ అనే పిలుస్తాను. కంగారులోనే అనుంటానన్నాను. వాడు తల వంచుకుని అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

చీర నాదే, ముఖం నాదే అని చూసినవాళ్ళందరూ అన్నారు. ఆ మాట ఎవరిదో మాత్రం నేను ఇప్పటికీ చెప్పలేను.