నాలుగు హద్దుల కనకరాజు

నాలుగు హద్దులు వేయకుండా కనకరాజు కాగితం మీద ఏదీ రాయలేడు. ఎల్బీ నగర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చుని ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసిన చెయ్యి అది. పని మానేశాడు గానీ తూర్పు పడమరలు మానలేదు.

ఈ సంగతి కోడలు శ్రీకళకు పెళ్లయిన వారానికే తెలిసింది. కొత్తపేట రైతుబజారుకు బయల్దేరితే మామగారు చీటీ అందించాడు. "సొరకాయ ఒకటి. తూర్పు: ముదురు కారాదు. పడమర: గోరు దిగవలెను. ఉత్తరం: పుచ్చు ఉండరాదు. దక్షిణం: సంచిలో పట్టవలెను." కింద ఇద్దరు సాక్షుల సంతకాలు.

అందులో మొదటి సాక్షి పక్కింటి చక్రపాణి. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి.

"సొరకాయక్కూడా సాక్ష్యమేంటండీ కనకరాజుగారూ?"

"రేపు ముదిరిందని తేలితే ఎవల్ని అడుగాలె?"

పాపం, చక్రపాణి సంతకం పెట్టాడు. పెడుతూనే ఉన్నాడు.

మొన్న ఆదివారం కనకరాజు కొత్త కాగితం మొదలుపెట్టాడు. రేపెప్పుడైనా ఇక కోలుకోడని డాక్టర్లు తేల్చేస్తే తనకు ఏ వైద్యం చేయాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టే కాగితం. ఇద్దరు సాక్షులు, పైన నోటరీ ముద్ర ఉండాలని వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. చట్టం తనను చూసే రాశారనుకున్నాడు.

శ్రీకళకు మాత్రం ఒళ్లు మండింది. నాలుగేళ్ల కిందట అత్తగారు లచ్చమ్మ పదకొండు రోజులు దవాఖానలో మిషన్ మీద ఉంది. ఇక లాభం లేదన్నారు. మిషన్ తీయడానికి సంతకం చెయ్యమంటే కనకరాజు బెంచీ మీద కూలబడ్డాడు. కొడుకు ధర్మేందర్ పెట్టాడు. "కన్నతల్లి పానం తీసే సంతకం పెట్టిండు" అని దినాల నాడే మేనత్త అందరిలో అనేసింది. అప్పటినుంచి ధర్మేందర్ కొరియర్ కాగితం మీద కూడా సంతకం పెట్టడు. పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులన్నీ శ్రీకళే చూస్తుంది.

"మామా, మళ్ల ఆయనతోని సంతకం పెట్టిస్తరా? నేను పెట్టనియ్య."

"ముందుగాల సదువు బిడ్డా."

చదివింది. "తూర్పు: గొంతులో గొట్టం, వద్దు. పడమర: ఛాతీకి కరెంటు షాకు, వద్దు. ఉత్తరం: నొప్పికి మందు, ఎంతైనా ఇవ్వవచ్చును. దక్షిణం: మా ఇంటి మంచం. ఈ హద్దుల నడుమ నన్ను నెమ్మదిగా పోనివ్వవలెను. ఈ నిర్ణయం నాది. నా కుమారుడు ఎక్కడా సంతకం చేయనక్కరలేదు. డాక్టర్లతో మాట్లాడు అధికారం నా కోడలు శ్రీకళకు. నన్నే రోజూ కాదను ఈమెకు డాక్టర్లను కాదనుట కష్టము కాదు."

శ్రీకళకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

తలుపు దగ్గర నిలబడ్డ ధర్మేందర్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నన్నెందుకు తప్పించినవ్ బాపూ? నా మీద నమ్మకం లేదా?"

"ఆఖరి లైను సదువు."

ధర్మేందర్ కాగితం తీసుకున్నాడు. "నా భార్య లచ్చమ్మ విషయమున పెట్టిన సంతకము కూడా నాదేనని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను."

"ఆ దినం నా చెయ్యి ఆడలే కొడుకా. నా పని నువ్వు చేసినవ్. మాట పడ్డది గూడ నువ్వే. రేపు మీ మేనత్తకు ఒక జిరాక్సు ఇచ్చొస్త."

ధర్మేందర్ ఆ లైను మళ్లీ మళ్లీ చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు. అంతలోనే నవ్వాడు.

"జిరాక్సు ఆగదు బాపూ, అత్త చింపేస్తది. నోటరీ అయినంక దిల్‌సుఖ్‌నగర్‌ల లామినేషన్ చేయిద్దాం" అని బండి తాళం చెవి అందుకున్నాడు. "నడు, ముందు చక్రపాణి సార్‌ను సాక్షిగ తోల్కొద్దాం."