చర్చి మెట్ల మీద సున్నం

"నీళ్ళలో నూరేళ్ళయినా ఉండాలమ్మా, అప్పుడే అది పురావస్తువు," అన్నారు మా గైడ్ సారు. "నువ్వు చెప్పేది మొన్నమొన్న మునిగిన ఊరు."

మొన్నమొన్నట! మా అమ్మ పుట్టిన ఊరు అది. మంజీర నది మీద సింగూరు ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళ కిందికి పోయింది. ఊరు పోయాకే మావాళ్ళు పటాన్‌చెరు వచ్చి మందుల ఫ్యాక్టరీల్లో చేరారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి ఆ వాసనలోనే. పురావస్తు శాస్త్రం ఎమ్మే ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు నీళ్ళ కింద ఉన్న స్థలం ఒకటి ఎంచుకోమంటే నాకు ఇంకే చోటు గుర్తుకొస్తుంది?

సారుకు మాత్రం సముద్రం కావాలి. మునిగిన రేవు పట్టణమో, పాత ఓడో తీసుకోమన్నారు. క్లాసులో అందరూ బుద్ధిగా అవే తీసుకున్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆ సముద్రంలో కాలు తడుపుకున్నది లేదు, తడుపుకునేదీ లేదు. ఇంటర్నెట్లో ఫోటోలు చూసి, ఎవరో రాసిందే అటూ ఇటూ మార్చి ఇచ్చేస్తారు. అది పరిశోధన అట. బస్సెక్కి పోయి, చేత్తో ముట్టుకుని రాగలిగిన చోటు మాత్రం పనికిరాదట. నాకు ఒళ్ళు మండింది.

"నూరేళ్ళు ఆగితే ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఒక్కరూ మిగలరు కదా సార్. అప్పుడు నేనెవర్ని అడగాలి?" అన్నాను.

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కాస్త మెత్తబడ్డారు కూడా. "సరే, వయసు సంగతి కమిటీకి నేను చెప్పుకుంటాను. కానీ స్థలం చెడకుండా ఉండాలి. మునిగాక మనుషులు దాన్ని మార్చి ఉండకూడదు. మార్చారని తేలితే ఈ టైటిల్ వదిలేసి రేవు పట్టణం రాసుకో."

సరేనని తలూపాను. బస్సులో కూర్చున్నాక గానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు. ఎవరూ మార్చకపోవడమేమిటి, ఎండాకాలం వస్తే ఊరు ఊరంతా కలిసి మారుస్తుంది!

మే నెలలో నీళ్ళు వెనక్కి పోతే అక్కడ మొదట తేలేది చర్చి మెట్లు. గోడలు ఎప్పుడో కూలిపోయాయి. మెట్లు రాతివి కాబట్టి నిలిచాయి. అవి తేలాయని తెలియగానే సంగారెడ్డి నుంచీ కిష్టారెడ్డిపేట నుంచీ మా ఊరివాళ్ళు ఆటోలు మాట్లాడుకుని పోతారు. ఒండ్రు గీకి, కడిగి, మెట్లకు సున్నం వేస్తారు. ఒక కీర్తన పాడుకుని, తెచ్చుకున్న బగారన్నం తిని వస్తారు. చర్చి గుమ్మం ఎప్పుడూ ఎక్కనివాళ్ళు కూడా వస్తారు, ఊరిలో మిగిలింది ఆ మెట్లే కదా. వానలు పడితే ఆ సున్నం మళ్ళీ మునిగిపోతుందని అందరికీ తెలుసు. అయినా వేస్తారు.

వీళ్ళందరినీ కూడగట్టేది మా పెద్దమ్మ, మా అమ్మకు సొంత అక్క. నేరుగా ఆవిడ దగ్గరికే పోయాను.

"పెద్దమ్మా, గీ ఒక్క ఏడు సున్నం వెయ్యకుర్రి. నేను కొలతలు తీసుకునేదాక జెర ఆగుర్రి."

పెద్దమ్మ చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఏందే? మా మెట్లకు మేం సున్నమేసుకోవద్దా? ఊరు ముంచినోళ్ళు గూడ గా మాట అనలే."

"మనుషులు ముట్టిన జాగ పాడయినట్టేనంటున్నడు మా సారు."

"పాడు జేసింది నీళ్ళు. మేం బాగు జేసుకుంటున్నం. పొయ్యి చెప్పు మీ సారుకు, గిట్లనే చెప్పు!"

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్ళు సున్నం వేస్తే నా ప్రాజెక్టు పోతుంది. వద్దని నేను పట్టుబడితే మళ్ళీ వాళ్ళ ముఖం ఎట్లా చూడను? ఏదీ తేల్చుకోకుండానే ఆ ఆదివారం వాళ్ళతో ఆటో ఎక్కాను.

మెట్ల మీద ఒండ్రు గీకుతుంటే అంచున పాత సున్నం పెచ్చు ఒకటి ఊడి నా చేతికొచ్చింది. పక్కకు తిప్పి చూశాను. తెల్ల గీత, మట్టి గీత, మళ్ళీ తెల్ల గీత, మట్టి గీత. వేసిన సున్నం మీద నీళ్ళు ఒండ్రు పరచడం, ఆ ఒండ్రు మీద వీళ్ళు మళ్ళీ సున్నం వేయడం, అంతా వరసగా ఉంది. ఒకచోట మట్టి గీత మిగతావాటికంటే లావుగా ఉంది.

"పెద్దమ్మా, గీడ మన్ను గింత మందమున్నదేంది?"

కళ్ళు చికిలించి చూసింది. "గప్పుడు నీళ్ళు ఎన్కకు పోనేలే బిడ్డా. ఎండాకాలాలు వచ్చినయ్, పోయినయ్, మెట్లు తేలలే. ఒడ్డు మీద నిలవడి పాడి, ఏడ్సుకుంట వచ్చినం."

సున్నం వేసిన ఏళ్ళూ, వేయలేక ఏడ్చిన ఏళ్ళూ అన్నీ ఈ పెచ్చులోనే ఉన్నాయి. ఈ పెచ్చును పట్టుకుని పాడైన స్థలమని నా నోటితో నేను చెప్పాలా? చస్తే చెప్పను!

"సూసింది సాలు, ఇగ కుంచె పట్టు," అంది పెద్దమ్మ. "మీ అమ్మకు డ్యూటీ వడ్డది గద, ఆమె వంతు నువ్వెయ్యి."

"నేనే వేస్తే నా ప్రాజెక్టు పోతది పెద్దమ్మా."

"నీ ఇష్టం," అని బకెట్ నా ముందు పెట్టి పోయింది. తిరిగి కూడా చూడలేదు.

కుంచె పట్టాను. కింది మెట్టంతా నేనే వేశాను. సున్నం తగిలి వేళ్ళు మండాయి.

తర్వాత కమిటీ ముందు ఆ పెచ్చు పెట్టి, ఒక్కో పొర గురించీ చెప్పుకొచ్చాను. గైడ్ సారు తల వంచుకుని విన్నారు. మార్కులు వేయడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన మెట్ల ఫోటో దగ్గరికి లాక్కున్నారు. "ఈ పై పొర మరీ కొత్తగా ఉందే! స్థలాన్ని ఇట్లా ఎవరు పాడు చేశారు?"

"పాడు చెయ్యలేదు సార్, సున్నం వేశాం. అది వేసింది నేనే. వచ్చే మేలో కూడా వేస్తాను. మార్కులు కోసుకుంటే కోసుకోండి, టైటిల్ మాత్రం మార్చను."

కోశారు. టైటిల్ మారలేదు.