పదిసార్లు కడగాల్సిన సీసా

పోయిన ఆదివారం మా మనవరాలు కౌలాలంపూర్ నుంచి మా ఊరు సుంగై పెటానికి వచ్చింది. కౌలాలంపూర్లోనే ఏదో ల్యాబులో దానికి ఉద్యోగం. అది తాగిన కాఫీ గ్లాసు నేను కడుగుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టింది. "పదిసార్లా అమ్మమ్మా? సోపు ఎప్పుడో పోయినాది లా" అంది, ఇక్కడి మలేషియా పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలించి. మా ఇంట్లో గ్లాసయినా గిన్నెయినా పదిసార్లు నీళ్ళు చూడాల్సిందే. ఎందుకని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పాతికేళ్ళ వయసులో రబ్బరు తోట వదిలి, కుష్ఠు ఆసుపత్రి పక్కనున్న ల్యాబులో సీసాలు కడిగే పనికి కుదిరాను. అసలు సంగతేమిటంటే మా అప్ప ఆ ఆసుపత్రిలోనే ఉండేది. నాకంటే ఆరేళ్ళు పెద్దది, అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. రోజూ మింగే తెల్లమాత్రలు దానికి పనిచేయడం మానేశాయి. ల్యాబు డాక్టరమ్మ చీనా ఆవిడ, మా తోటల్లో అందరికీ వచ్చిన తమిళం బాగా మాట్లాడేది. నాకు అర్థమైనంత ఇది: మనిషి కణాలను సీసాలో పెంచి, వాటిలో కుష్ఠు పురుగును బతికించాలి. బతికితే అది ఏ మందుకి చస్తుందో సీసాలోనే చూడొచ్చు. ఆ పురుగు ఒకటి రెండు కావడానికి రెండు వారాలు పడుతుందట. అంత నిదానపు జీవి ఉంటుందా అని నవ్వాను. కణాలేమో గాజుకి అంటుకుని బతుకుతాయి, సబ్బు పొర మిగిలితే ఊడి చస్తాయి. అందుకని ప్రతి సీసా పదిసార్లు కడగాలని తొట్టి పైన కాగితం అంటించారు.

ఆ కాగితం చదవడం నాకు రాదు. అక్షరాలు నేర్చింది అరవై దాటాక, తెలుగు సంఘం వాళ్ళ క్లాసులో. చదువు రాక తప్పు చేశానని రాసుకుంటే బాగానే ఉంటుంది, కానీ అది అబద్ధం. డాక్టరమ్మ రెండు చేతుల వేళ్ళూ చాపి మరీ చెప్పింది. నేనే మూడుసార్లతో ఆపేసేదాన్ని. మా తోటలో ఇరవై ఇళ్ళ వరసకి ఒకటే కుళాయి, అదీ పొద్దున గంటసేపు. మెరుస్తున్న సీసాలోంచి ఇంకో ఏడుసార్లు మంచినీళ్ళు పారబోయడానికి నాకు చేతులు రాలేదు.

అప్ప చెవి దగ్గర చిన్న ముక్క కోసి, అందులోని పురుగును నేను కడిగిన సీసాల్లో వేశారు. ఐదో రోజుకి కణాలు గాజు వదిలి తేలిపోయాయి. "పదిసార్లు కడిగావా?" అని డాక్టరమ్మ అడిగింది. "పదే" అన్నాను. నా మొహం చూసి ఆవిడ ఆ సీసాలు పారబోసింది. అప్ప మాత్రం పగలబడి నవ్వింది. "ఏటే, నన్ను ఇన్నేళ్ళు తిన్న పురుగుకి నీ సీసాలో కూడు రుసించనేదా?" తర్వాత కొత్త మందులొచ్చి దానికి నయమైంది, కానీ ఆలోగా కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆ వేళ్ళతో అన్నం కలుపుకోవడం చూసినప్పుడల్లా నేను పోయని ఆ ఏడుసార్ల నీళ్ళు గుర్తొచ్చేవి. అప్ప పోయి ఆరేళ్ళయింది. దానికి చెప్పనేలేదు.

ఆ ఆదివారమే మనవరాలికి చెప్పాను. అది ఫోను పక్కన పెట్టింది. "అమ్మమ్మా, ఆ పురుగుని సీసాలో పెంచగలిగినోళ్ళు ఈ రోజుకీ లేరు. పెద్ద పెద్ద ల్యాబులే ఓడిపోయినాయి. నువ్వు నూరుసార్లు కడిగినా అది పెరగదు లా" అంది.

మనసు తేలికపడిందనే అనాలి. అయినా మూడు పది అయిపోదు, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం నిజమూ కాదు. గ్లాసు బోర్లించి కుళాయి కట్టాను. రెండు వారాలకి ఒకటి రెండయ్యే పురుగుని నిదానమని నవ్వినదాన్ని. అది ఎలాగూ పెరగదనే ఈ ఒక్క మాట నా దగ్గరికి రావడానికి నలభై ఏళ్ళు దాటింది, అప్పటికి అప్ప లేదు.